వరుస తెలియని కానుక

“ఎవరికమ్మా?” అని అడిగాడు చేవెళ్ళలోని బట్టల దుకాణదారు.

“నలుగురు మగవాళ్ళకు.”

“ఏం వరుస?”

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. బంధువులు కారు. స్నేహితులు కారు. ఇంట్లో పనిచేసేవారూ కారు. నేను నీళ్ళు నములుతుంటే ఆయనే అందుకున్నాడు. “వరుస జెప్తే గదమ్మా, ఏది దియ్యాల్నో తెలిసేది. అల్లునికైతే ఒకటి, బావమరిదికైతే ఒకటి, జీతగానికైతే ఒకటి.”

ఆయన మాటలో తప్పేమీ లేదు. మన కానుకల శాస్త్రమంతా వరుస మీదనే నిలబడి ఉంది. వరుస తెలిస్తే వస్తువు తెలుస్తుంది, వస్తువు తెలిస్తే ధర తెలుస్తుంది. వరుస తెలియనప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రోజు ఏమీ కొనకుండానే దుకాణం మెట్లు దిగాను. చాలా కాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఉపోద్ఘాతం ఇక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను.

నాన్నగారు పదవీ విరమణ తరువాత మొయినాబాదు దాటి చేవెళ్ళకు వెళ్ళే దారిలో, ఒక ఊళ్ళో పాత ఇల్లు కొని బాగుచేయించుకున్నారు. హైదరాబాదు నుంచి వికారాబాదు వైపు సాగే ఆ దారి ఎరిగినవారికి రోడ్డుకు ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను గురించి చెప్పనక్కరలేదు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టివేయరాదని ఏళ్ళ తరబడి పోరాడినవారున్నారు. నాన్నగారు మాత్రం పోరాటమేమీ చేయలేదు. రోజూ ఉదయం ఆ నీడన నడిచేవారు. దారిలో కనపడిన ప్రతివారితోనూ మాట్లాడేవారు. నేను నగరానికి ఆ చివర ఉండేదాన్ని. నెలకొకసారి వచ్చి, ఒక పూట ఉండి వెళ్ళేదాన్ని. ఆయన చెప్పే పేర్లు ఒక చెవితో విని, రెండవ చెవితో వదిలేసేదాన్ని.

2021 మే నెల మూడవ వారంలో ఒక తెల్లవారుజామున నాన్నగారి గుండె ఆగిపోయింది. అదృష్టమో దురదృష్టమో గాని, ఆ నెలంతా నేను అక్కడే ఉన్నాను. రాష్ట్రంలో మే 12 నుంచి లాక్‌డౌను. ఉదయం ఆరు నుంచి పది వరకే సడలింపు. తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. నాన్నగారిని ఫోను తెర మీదనే చూశాడు. బంధువులందరూ ఫోనులో ఏడ్చారు. కరోనా కాదు. కాని ఆ రోజుల్లో కాదని ఎవరికి నిరూపించగలం? అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్నది నిబంధన. ఆ ఇరవై మంది లెక్క చూసి ఇప్పటికీ నాకొక వెర్రి నవ్వు వస్తుంది. మాకు నలుగురే దొరకడం గగనమైపోయింది.

‘పోయేటప్పుడు నలుగురు కావాలి’ అంటారు మనవాళ్ళు. 2004లో ‘ఆ నలుగురు’ చిత్రం వచ్చాక ఆ మాట ఇంకా ఎక్కువగా నోళ్ళలో నానింది. ఆ ఉదయం ఆ మాటకు అర్థం లెక్కతో సహా తెలిసింది. అమ్మ ఒక్కరికే ఫోను చేసింది. వీధి చివర పూలతోట పటేల్‌కు. ఆయన మరో ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కూరగాయలు నగరానికి తోలే డీసీఎం డ్రైవరు ఒకరు. పక్కనే ఉన్న ఫామ్‌హౌసు కావలిమనిషి ఒకరు, పాలమూరు నుంచి బతుకుతెరువుకు వచ్చినవాడు. నాలుగవవాడు రోడ్డు మీద పంక్చరు దుకాణం నడిపే చాచా. నలుగురూ ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చారు. వెదురు కొట్టి తెచ్చారు, పాడె కట్టారు, మోశారు. ఊరి వైకుంఠధామంలో తలకొరివి నేను పెట్టాను. పది గంటలలోపు అంతా ముగిసింది. ఇంటికి వచ్చాక గాని గుర్తుకు రాలేదు, వాళ్ళ ముఖాలే నేను సరిగా చూడలేదని.

పదమూడవ రోజున నేనొక తప్పు చేశాను.

నాలుగు కవర్లలో రెండేసి వేల రూపాయలు పెట్టాను. పటేల్ కవరు విప్పి చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా అడిగాడు. “గిదేంది బిడ్డా? మోసిన కూలా?”

కోపంగా అనలేదు. అలా అని ఉంటే కొంత బాగుండేది. కవరును అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి ఉంచి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ కవర్లు విప్పనైనా విప్పలేదు. ఆ రాయి చాలా రోజులు అక్కడే ఉంది. తీయడానికి నాకు చేతులు రాలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 నంబరు జీవో ఆ చుట్టుపట్ల 84 గ్రామాలలో కట్టడాల మీద ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. ఆంక్షలున్న రోజుల్లోనే ఆ పక్క ఎకరం ధర కోట్లలో పలికేది. చిరుగుల బనియనుతో తోటలో తిరిగే పటేల్‌కు నాలుగెకరాలుంది. అంటే నేను జన్మంతా ఉద్యోగం చేసినా కళ్ళజూడలేని ఆస్తికి యజమాని. ఆయనకు నేను రెండు వేలు చేతిలో పెట్టాను! పరిచయం లేని మనిషికి కానుక ఎంచేటప్పుడు అతని బట్టలను చూసి అతని అవసరాన్ని ఊహించకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. కోట్లున్న పటేల్‌కూ, గుంట నేల లేని కావలిమనిషికీ ఒకే మొత్తం ఇవ్వడం సమానత్వమని కూడా అనుకున్నాను. అది సమానత్వం కాదు, తీరిక లేకపోవడం. నలుగురిలో ఎవరి గురించీ విడిగా ఆలోచించే ఓపిక లేక డబ్బు పెట్టాను.

డబ్బు ఇవ్వడం మనకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో చదివింపులున్నాయి. ఇచ్చినవారి పేరూ మొత్తమూ అందరికీ వినపడేలా చదివేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. నూటపదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యినూటపదహార్లు. ఆ పుస్తకాన్ని ఇంటివారు దాచుకుంటారు. రేపు ఇచ్చినవారింట్లో పెళ్ళయితే అది తీసి చూసుకుని, అంతకు కాస్త కలిపి చదివిస్తారు. అందులో అవమానం లేదు, ఎందుకంటే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అది ఇచ్చిపుచ్చుకోవడం. నేనిచ్చిన కవరుకు తిరిగివచ్చే దారి లేదు. దారి లేని డబ్బు కూలి అవుతుంది, లేకపోతే ధర్మం అవుతుంది. ఆ నలుగురూ కూలికి రాలేదు, ధర్మానికీ రాలేదు.

పోనీ, వస్తువులు ఇద్దామంటే మగవారి విషయంలో మన సంప్రదాయం ఎందుకో పేదది. ఆడవారికైతే ఎంత పరిచయం లేనివారైనా ఒక దారి ఉంది. పసుపు కుంకుమ, రవికగుడ్డ, పండూ తాంబూలమూ. ఇచ్చేవారు తడబడరు, పుచ్చుకునేవారు ఇబ్బందిపడరు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2017లో బతుకమ్మకు చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు ఏమి ఇవ్వాలా అని పెద్దగా తర్జనభర్జన పడి ఉండదు. మగవాడి దగ్గరకు వచ్చేసరికి మనకు గుర్తుకు వచ్చేవి మూడే.

ఒకటి, ప్యాంటూ చొక్కా గుడ్డల పెట్టె. పైన పారదర్శకపు కాగితం, లోపల మడతలు చెదరని రెండు ముక్కలు. కుట్టుకూలి గుడ్డ ధరను మించిపోవడంతో దానిని ఎవరూ కుట్టించుకోరు. అలాగే బీరువాలో దాచి, మరొకరి ఇంటి శుభకార్యానికి పట్టుకెళతారు. మా ఇంటి నుంచి వెళ్ళిన పెట్టె ఒకటి నాలుగేళ్ళ తరువాత, మూల మీద మా అమ్మ పెట్టిన పెన్సిలు గుర్తుతో సహా, మా ఇంటికే తిరిగి వచ్చింది.

రెండవది శాలువా. సాహిత్య సభలకు వెళ్ళే మిత్రులకు దీని గురించి నేను విడమరచనక్కరలేదు. మే నెలలో, పంకా లేని హాలులో, నలభై డిగ్రీల వేడిలో మనం ఒక మనిషిని గౌరవిస్తున్నామని చెప్పడానికి ఉన్ని గుడ్డ కప్పుతాం.

మూడవది తువ్వాలు. ఈ మూడింటిలో కాస్త బుద్ధిగల కానుక ఇదే. పంచెతో జతగా ఇచ్చినా, విడిగా ఇచ్చినా అది వాడబడుతుంది. తుడుచుకోవడానికి, తలకు చుట్టుకోవడానికి, మూట కట్టడానికి, బస్సులో సీటు పట్టుకోవడానికి. ఆ మేలో ముఖానికి కట్టుకోవడానికి కూడా పనికివచ్చింది. సంవత్సరీకం దగ్గరపడుతుండగా, నలుగురికీ నాలుగు చేనేత తువ్వాళ్ళు తీసుకుందామనే చేవెళ్ళ వెళ్ళాను. ‘ఏం వరుస’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

దారి చూపినవారు పురోహితులు. సంవత్సరీకం 2022 మే రెండవ వారంలో వచ్చింది. వైశాఖం. ఆయన వ్రాసి ఇచ్చిన చీటీలో దానాల పట్టిక ఉంది. గొడుగు, పాదరక్షలు, నీటికుండ, విసనకర్ర, దీపం, వస్త్రం. ఇవన్నీ ఎందుకని అడిగాను. “పోయినవారు ఎండదారిన నడవాలి కదమ్మా. ఇక్కడ ఇచ్చింది అక్కడ అందుతుందని నమ్మకం. అదీగాక వైశాఖంలో ఇవి ఎవరికిచ్చినా పుణ్యమే” అన్నారు.

ఆ చీటీని ఎంతోసేపు చూస్తూ కూర్చున్నాను. నమ్మకం సంగతి అలా ఉంచండి. ఆ పట్టిక వ్రాసినవారు ఎవరో గాని ఎంతటి లోకజ్ఞులు! పుచ్చుకునే మనిషి ఎవరో, ఎటువంటివాడో, అతని వరుస ఏమిటో పట్టిక అడగదు. అతడు దారిన నడిచే మనిషి అన్న ఒక్క సంగతి తెలిస్తే చాలు. తలకు నీడ, కాళ్ళకు అండ, దాహానికి నీరు, చీకటికి దీపం. అన్నీ వాడుకునేవి, వాడగా వాడగా అరిగిపోయేవి. ఒక్కటీ గోడకు తగిలించుకునేది కాదు. వరుస తెలియని మగవాడికి ఏమి ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు నా చేతిలోనే ఉంది.

ఇక మిగిలింది ఎవరికి ఏది అన్నది. వారం రోజులపాటు నేను చేసిన పని చూడడమే. నాన్నగారు నడిచిన దారిలోనే, ఆయన నడిచే వేళలోనే నడిచాను. పటేల్ తోటలో గులాబీలూ చామంతులూ తెల్లవారకముందే కోస్తారు, పూలు వాడకుండా గుడిమల్కాపూరు మార్కెట్టుకు చేరాలి కాబట్టి. ఆయన ఒక చేత సెల్‌ఫోను దీపం పట్టుకుని, రెండవ చేత్తో కోస్తున్నాడు. ఆయనకు తలకు కట్టుకునే టార్చి కావాలని నిర్ణయించడానికి పరిచయం అవసరం లేకపోయింది, కళ్ళుంటే చాలింది. డీసీఎం తమ్ముడు క్యారెట్టు సంచుల మధ్య నుంచి ప్లాస్టిక్ సీసా తీసి నీళ్ళు తాగి, మొహం చిట్లించి మిగతావి పారబోశాడు. వేడెక్కిపోయి ఉంటాయి. అతనికి చల్లదనం నిలిచే లీటరు స్టీలు సీసా. అదే నా నీటికుండ. ఫామ్‌హౌసు గేటు దగ్గర నీడ లేదు. కావలిమనిషికి పెద్ద నల్ల గొడుగు.

చాచా విషయంలో చాలా తటపటాయించాను. ఆయన రబ్బరు చెప్పులు అరిగి మడమ దగ్గర కాగితంలా అయ్యాయి. పాదరక్షలు పట్టికలో ఉన్నమాట నిజమే. కాని ఒక మనిషి చేతిలో చెప్పులు పెడితే ఏమనుకుంటాడు? ఆయన అమ్మను పలకరించడానికి వచ్చి గడప బయట చెప్పులు విడిచినప్పుడు, అడుగున అంకె వెతికాను. ఎప్పుడో చెరిగిపోయింది. దొంగలా జానతో కొలుచుకున్నాను.

ఒక్కొక్కటి ఆరువందలు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. పిసినారితనం వల్ల కాదు. పుచ్చుకున్నవారికి ‘తిరిగి ఇంత ఇవ్వాలి కాబోలు’ అన్న బరువు కలగని ధర అది. అందరికన్నా తక్కువ సంపాదించే కావలిమనిషి కూడా తలచుకుంటే నాకు తిరిగి పెట్టగలిగిన మొత్తం. కానుకకు ధర నిర్ణయించేటప్పుడు మన స్తోమతను చూసుకోవడం మనకు అలవాటు. పుచ్చుకునేవారి మర్యాదను చూడాలి.

నలుగురినీ ఇంటికి పిలవలేదు. పిలిస్తే సభ అవుతుంది, ఎవరికి ఏది వచ్చిందో పోల్చుకోవడం అవుతుంది. నేనే ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళాను. రంగుకాగితాలు చుట్టలేదు. “నాన్నగారి సంవత్సరీకం. ఆయన పేరున” అని మాత్రం అన్నాను.

కావలిమనిషి గొడుగు అక్కడికక్కడే విప్పి, కిందికీ పైకీ చూసి, “మంచిగుందమ్మా” అన్నాడు. డీసీఎం తమ్ముడు సీసా మూత తిప్పి, “గిండ్ల మజ్జిగ పోస్తే పులుస్తదా అక్కా?” అని నాకు తెలియని ప్రశ్న వేశాడు. చాచా చెప్పులు చూసి పెద్దగా నవ్వాడు. “సార్ గూడ ఇదే అంటుండె బిడ్డా, చెప్పులు మార్చు చాచా అని.” అంతవరకూ బాగానే ఉంది. తొడిగి చూస్తే ఒక అంగుళం పొట్టి! నా జానకు అంత తెలివి లేదు. దుకాణంలో మార్చి తెస్తానన్నాను, ఒప్పుకోలేదు. ఇప్పుడవి ఆయన కొడుకు తొడుక్కుంటున్నాడు. చాచా పాత చెప్పులతోనే మరో ఏడాది గడిపాడు.

పటేల్ దగ్గరకు చివర వెళ్ళాను. కాళ్ళు వణికిన మాట దాచను. ఆయన పెట్టె విప్పి, టార్చి తీసి, పట్టీని వేళ్ళతో సాగదీసి చూశాడు. ఇది దేనికో చెబుదామని నోరు తెరిచాను. చెప్పనవసరం లేకపోయింది. “పొద్దుగాల మా తోట దిక్కు వచ్చినవా?” అన్నాడు.

వచ్చానని తల ఊపాను.

“మరి పిలువకపోతివి. చాయ తాగి పోతుంటివి.”

కవరు ప్రసక్తి ఆయన తేలేదు, నేనూ తేలేదు. ఆ ఉదయం నేను చేసిన తప్పు మాసిపోయిందని చెప్పను. ఆ రాయి సంగతి మా ఇద్దరికీ గుర్తుంటుంది. కాని ఆ మాటతో ఒకటి అర్థమయింది. ఆయన సంతోషించింది టార్చికి కాదు. చీకట్లో ఒక చేత్తో పూలు కోయడం ఎవరో చూశారన్నందుకు. రెండు వేల కవరులో లేనిదీ, ఆరువందల వస్తువులో ఉన్నదీ అదే. నలుగురూ చేసిన మేలు తీర్చడానికి నా దగ్గర ఏ ధరలోనూ ఏమీ లేదు. తీర్చబోయాను కాబట్టే మొదటిసారి తప్పు చేశాను. కానుక అప్పు తీర్చే సాధనం కాదు. ‘మీరు చేసింది నేను మరచిపోలేదు, మీరు ఎలా బతుకుతున్నారో చూశాను’ అని చెప్పే మాట. అంతకుమించి దాని మీద బరువు పెడితే విరిగిపోతుంది.

మీలో ఎవరికైనా ఇటువంటి అవసరం రావచ్చు. ఇల్లు మారినప్పుడు సామాను దించిన పొరుగాయనకో, ఆసుపత్రిలో రక్తం ఇచ్చిన అపరిచితుడికో ఏదో ఒకటి ఇవ్వాలనిపించవచ్చు. దుకాణానికి వెళ్ళేముందు ఒక పూట అతని పనివేళలో అతని దారిన నడిచి రండి. ఎండ ఎక్కడ తగులుతోందో, చెయ్యి ఎక్కడ ఖాళీ లేదో కనపడుతుంది. కొలత కావలసిన వస్తువు జోలికి మాత్రం వెళ్ళకండి. వెళ్ళినా జానను నమ్మకండి.

2025 నవంబరు 3న ఆ రోడ్డు మీదనే, చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర, కంకర టిప్పరూ ఆర్టీసీ బస్సూ ఢీకొని 19 మంది చనిపోయారు. వార్త తెలిసిన వెంటనే అమ్మ ఫోను చేసింది నాకు కాదు. ఆ వేళకు ఆ దారిలోనే ఉండే డీసీఎం తమ్ముడికి. అతను క్షేమంగా ఉన్నాడని తెలిశాక, నాకు చేసి చెప్పింది. నేను కూడా అప్పటికి అతనికే ఫోను కలుపుతున్నాను, లైను బిజీ అని వస్తోంది.

ఆ తరువాత పటేల్ మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. పందిట్లో ఒక మూల, పుస్తకం ముందు పెట్టుకుని కుర్రవాడొకడు చదివింపులు వ్రాస్తున్నాడు. “పేరు?” అన్నాడు. నాన్నగారి పేరు చెప్పాను. “ఎంత?” అన్నాడు. ఐదువందల పదహార్లు. వ్రాసుకుని, పక్క గడి దగ్గర కలం ఆపి తలెత్తి చూశాడు.

“ఏం వరుస అమ్మా?”

నేను ఇంకా ఆలోచిస్తుండగానే, వెనుక నుంచి పటేల్ గొంతు వినపడింది. “మనోళ్ళే రాయి.”